కొసరు గాలి

ఈ పుస్తకం నా చేతికిచ్చినప్పుడు రోజూ మూడు సంగతులు రాయమన్నారు. ఎన్ని గడ్డలు లోపలికొచ్చాయి, ఎన్ని ఇళ్లకు వెళ్లాయి, ఏమైనా తేడా ఉందా. నాకు ముందు ఈ గిడ్డంగి చూసినాయన పద్దెనిమిదేళ్లు రాసి, తేడా అన్నచోట 'లేదు' తప్ప ఇంకో మాట రాయలేదు. చలిపేటలో అంత విసుగు పుట్టించే పుస్తకం ఇంకోటి లేదు. నేను కాస్త వాగుతాను. నచ్చనివాళ్లు చదవక్కర్లేదు, ఎవరూ బతిమాలడం లేదు.

అప్పలకొండ, గాలి గిడ్డంగి. ఊరు పెట్టిన ముప్పై ఎనిమిదో ఏడు.

41వ రోజు

లోపలికి పన్నెండు. ఇళ్లకు పది. తేడా: ఉంది, కానీ మంచి తేడా.

నీలిగడ్డ తూకం ఇరవై కేజీలు. గడ్డకట్టిన ఆక్సిజన్ ఇరవై కేజీలంటే ఇరవయ్యే, యంత్రం కొలిచి అచ్చులో పోస్తుంది కాబట్టి అందులో నా గొప్పేమీ లేదు. తర్వాత బయట పెరట్లో నలభై రోజులు పేర్చి ఉంచుతాం. మేమున్న ఈ చంద్రుడు సూర్యుడికి ఎంతో దూరం, పెరట్లో సున్నాకి రెండువందల ముప్పై డిగ్రీలు కింద. ఇవాళ పెరట్లోంచి తెచ్చిన పన్నెండూ తూచాను. ఒక్కోటీ పావుకేజీ ఎక్కువుంది.

కాటా పాడైందేమోనని నేనే ఎక్కి చూసుకున్నాను. పాడవలేదు. ఆ సంఖ్య ఇక్కడ రాయను.

49వ రోజు

లోపలికి పది. ఇళ్లకు పన్నెండు. తేడా: అరకేజీ కొసరు.

గడ్డల మీద తెల్లటి పొడి పేరుకుంటోంది. బరువు దానిదే. ఊళ్లో అప్పుడే పాకిపోయింది. మనవాళ్లకి వంకాయ కొన్నా కొసరు కావాలి, గాలి తీసుకున్నా కొసరు కావాలి. నిన్నటిదాకా గడ్డ ఇంటికి చేర్చమని నా ప్రాణం తీసినవాళ్లంతా ఇవాళ సొంతంగా వచ్చి, తెల్లగా ఉన్నది ఏరుకుని మోసుకుపోయారు. ఊరిపెద్ద లక్ష్మణమూర్తి గారైతే మూడు గడ్డలు చేత్తో తట్టి చూసి నాలుగోది పట్టుకెళ్లారు, పుచ్చకాయ కొన్నట్టు. పోతూపోతూ నా హయాంలో గిడ్డంగి కళకళలాడుతోందన్నారు. నేను కాదనలేదు.

55వ రోజు

లోపలికి పది. ఇళ్లకు పది. తేడా: ముప్పాతిక కేజీ.

పెరటి తలుపు పైన ఊరు కట్టినవాళ్లు ఎర్రరంగుతో రాసిన మాట ఉంది: 'తెల్లపొడి గడ్డదే. చీపురు పెట్టరాదు.' రాయడానికి కారణముంది. ఈ చలిలో కూడా గడ్డ పైపొర రవంత ఆవిరై, మళ్లీ దాని మీదే పొడిగా పడుతుంది. అదీ ఆక్సిజనే. తొలి ఏళ్లలో ఎవరో చీపురుతో ఊడ్చేసి ఊరందరికీ ఆయాసం తెప్పించాడట. అందుకే గిడ్డంగి నా చేతికొచ్చిన ఈ పదకొండేళ్లలో నేను ఒక్క గడ్డ మీద చీపురు పెట్టలేదు. పొడి ఎక్కువగా పడితే ఎక్కువ గాలి. ఇందులో ఆలోచించడానికేముంది?

63వ రోజు

లోపలికి పన్నెండు. ఇళ్లకు పన్నెండు. తేడా: లేదు.

కొసరు మామూలైపోయింది, ఇవాళ తూచలేదు. మా అన్న కూతురు హైమకి కొడుకు పుట్టాడు. మూడు కేజీల నూటపాతిక. ఊళ్లో బిడ్డ పుట్టి ఆరేళ్లయింది, దాంతో జనం పండగ చేసుకుంటున్నారు. మా అన్న ఉంటే చూసేవాడు. అసలు కంటే వడ్డీ ముద్దంటారు, నాకు అసలూ లేదు వడ్డీ లేదు, ఉన్నదంతా ఈ హైమే.

నేను కబురు విని తలుపు వేసి పరిగెడుతుంటే సన్నెమ్మ పిన్ని అడ్డం వచ్చింది. ఆవిడకి డెబ్భై తొమ్మిది, పిలుపుకే పిన్ని, ఒంటరి మనిషి. ఇంటికి రోజుకో దీపం, అయిదు నిమిషాలు అన్నది ఊరి కట్టడి. ఆవిడ దాన్ని అయిదు నిమిషాల ఒక్క సెకను దాకా వెలిగిస్తుంది, నన్ను ఉడికించడానికే.

"ఏమే కొండా, నీ గాలి నా దీపాన్ని ఆర్పేస్తోందే" అంది.

గాలి తగిలితే దీపం ఆరదా పిన్నీ అన్నాను. నీ మొహం, నాకు తెలీదా అంది. గడ్డ వేసి ఆవిరి చేసుకునే గాలికుండ ఆవిడ పూజగదిలోనే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా దాని మూతి దగ్గరే దీపం పెడుతోంది. కొత్త గడ్డ వేసినరోజు దీపం ఇంతెత్తు లేచి ఆడేదట, ఇప్పుడు తల వాల్చేసి ఆరిపోతోందట, కాసేపాగి పెడితే మళ్లీ మామూలుగానే వెలుగుతోందట. తలుపు దగ్గరే నిలబెట్టి ఇదంతా రెండుసార్లు చెప్పింది. నా మనసంతా పిల్లాడి మీదుంది. గిడ్డంగిలోంచి ఒక ఒత్తుల కట్ట తెచ్చి చేతిలో పెట్టి, మీ ఒత్తి పాతబడింది, ఇది వాడండి అన్నాను. ఆవిడ ఒత్తుల్ని చూసి, నన్ను చూసి, సరేలే అని వెళ్లిపోయింది.

పిల్లాడు అచ్చం మా అన్నే. ముక్కు మాత్రం ఎవరిదో తెలీదు.

66వ రోజు

లోపలికి సున్నా. ఇళ్లకు ఎనిమిది. తేడా: లేదు.

సన్నెమ్మ పిన్ని పోయింది. పొద్దున కొత్త గడ్డ వేసుకుని, పూజగది తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం చూసేసరికి గోడకి ఆనుకుని ఉంది. మొహంలో చిన్న నవ్వు. ఊరంతా వచ్చి ఆ నవ్వు చూసి, పున్నెం చేసుకున్న మనిషి, ఎవరిచేతా చేయించుకోకుండా నవ్వుతూ పోయింది అన్నారు. నేనూ అన్నాను. ఆ పోవడం మీద నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

ఊరి ఉత్తరపు గట్టున ఉంచాం. అక్కడ ఏదీ కరగదు, ఎవరూ మారరు. ఆవిడకి నా అన్నవాళ్లు లేకపోవడంతో దీపపు కుందె, హారతి కర్పూరం డబ్బా నాకిచ్చారు. కర్పూరం డబ్బా నిండుగా ఉందన్నారు. నేను తెరిచి చూడలేదు.

71వ రోజు

లోపలికి పన్నెండు. ఇళ్లకు పది. తేడా: రెండు కేజీలు దాటింది.

ఎనభై నాలుగో రోజున హైమ కొడుకు బారసాల. మా ఊరి బారసాలలో తొట్టిలో వేసి పేరు పెట్టడంతో అయిపోదు. తొట్టి మీద గాజు గూడు మూస్తారు. చెయ్యి పడని, చెక్కు తియ్యని కొత్త గడ్డని కుండలో వేసి, దాని తొలి ఆవిరిని గొట్టంతో ఆ గూట్లోకి వదులుతారు. బిడ్డ బుగ్గలు ఎర్రబడతాయి, ఆడవాళ్లు దిష్టి తీస్తారు. దీన్నే తొలి ఊపిరి అంటాం. కుండ మూతి తిప్పే హక్కు గిడ్డంగి చూసేవాళ్లది.

అందుకని పెరడంతా తిరిగి ఒక గడ్డ ఏరాను. ఇరవైమూడున్నర కేజీలు. పూర్ణం బూరెకి తోపుపిండి పట్టినట్టు చుట్టూ తెల్లగా, దళసరిగా ఉంది. నీలం ఎక్కడా కనబడదు. దాని మీద బొగ్గుతో హైమ పేరు రాసి పక్కన పెట్టాను. హైమ చూసి, అత్తా ఇంత పెద్దదా అంటూ నా మెడ పట్టుకుంది. నేను మురిసిపోయాను, ఎందుకు దాచాలి.

78వ రోజు

లోపలికి పది. ఇళ్లకు తొమ్మిది. తేడా: మూడు కేజీలు.

పొద్దున్నే తవిటినాయుడు వచ్చాడు. ఆకాశం చూసే పరికరాలు అతని పని, కౌజుపిట్టలు పెంచడం అతని పిచ్చి. కొత్త గడ్డ వేసిన పూట కుండ కింద గూట్లో పిట్టలన్నీ ఒకేసారి నిద్రపోతున్నాయట. రెండు లేవలేదట. గింజలు ఎక్కువ మేపుతున్నావు నాయుడూ అన్నాను. అయ్యుంటుంది అన్నాడు. ఎవరేం చెప్పినా అయ్యుంటుంది అంటాడు, అతనితో అదే చిక్కు.

టీ తాగుతూ ఇంకో సంగతి చెప్పాడు. ఊరు పెట్టిన ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఈ చంద్రుడి ఆవలి పక్కకి ఎండ వచ్చిందట. అక్కడి తెల్లమైదానాలు కరగకుండానే తరిగిపోతున్నాయట. మరి ఎక్కడికి పోతున్నాయి అని అడిగాను. చలిగా ఉన్న పక్కకి అన్నాడు. మనకి చలి తప్ప ఇంకేముంది, ఏదొచ్చినా రానీ అన్నాను.

84వ రోజు, ఉదయం

లోపలికి సున్నా. ఇళ్లకు సున్నా. ఎవరికీ ఇవ్వను.

బారసాలకి హారతి నేనే తేవాలి. చీర కట్టుకుని సన్నెమ్మ పిన్ని డబ్బా తీసి మూత విప్పాను. అడుగున రెండు బిళ్లలు, అవీ అరిగిపోయి బియ్యపుగింజల్లా ఉన్నాయి. డబ్బాలో తడి లేదు, కర్పూరం కరిగి కారిన గుర్తూ లేదు. పెరటి చలిగోడకి ఆనుకుని ఉన్న మూత తిప్పి చూస్తే లోపలివైపు తెల్లగా పేరుకుని ఉంది. కర్పూరం అంతే కదా. నీరు కాకుండానే గాలై, చల్లగా ఉన్నచోట మళ్లీ గడ్డవుతుంది. ఇది నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

మూత చేతిలో ఉండగానే నాయుడు చెప్పిన తెల్లమైదానాలు గుర్తొచ్చాయి. ఆవలి పక్క డబ్బా అడుగు. మనం మూత.

ఆ మైదానాలు నైట్రోజన్ అని బడిపిల్లలకి కూడా తెలుసు. మనం పీల్చే గాలిలో ముప్పాతిక పైన అదే, దాంతో తగాదా ఏమీ లేదు. కానీ అదొక్కటే పీలిస్తే బతకం. పైగా అది ఆక్సిజన్ కంటే ముందు మరుగుతుంది. అంటే కొత్త గడ్డ కుండలో వేస్తే మొదట బయటికొచ్చేది పైనున్న తెల్లది. తర్వాతే నీలం.

చీర మార్చుకోకుండానే పెరటి గదిలోకి వెళ్లి, పదకొండేళ్లలో మొదటిసారి ఒక గడ్డ మీద చీపురు పెట్టాను. రాలిన తెల్లపొడిని చిన్నకుండలో వేసి, మూతి దగ్గర పిన్ని కుందె వెలిగించాను. తల వాల్చి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను, మళ్లీ ఆరింది. కుండ కడిగి నీలం ముక్క వేశాను. దీపం ఇంతెత్తు లేచి ఆడింది.

ఒత్తి నేనిచ్చిన కట్టలోది కాదు. ఆవిడ పాతదే, కుందెలోనే ఉంది.

ఇంకో మాట కూడా రాయాలి, రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు. హైమ గడ్డని గుట్టుగా ఊడ్చేసి తీసుకెళ్దామా అనుకున్నాను. పిల్లాడు బతుకుతాడు. సన్నెమ్మ పిన్ని పున్నెంతోనే పోయినట్టుంటుంది, నేను కొసరు పోసిన మహాతల్లినే అవుతాను. చీపురు చేతిలోనే ఉంది. కానీ ఊళ్లో అరవైఒక్క ఇళ్లున్నాయి, ప్రతి ఇంట్లో ఒక కుండ ఉంది, దాంట్లో నేనిచ్చిన గడ్డ ఉంది. గడ్డ మీద చెయ్యి పెట్టకుండా బయల్దేరాను.

85వ రోజు

ఇవాళ గడ్డల లెక్క రాయను.

నిన్న ముందు మూర్తి గారింటికి వెళ్లాను. ఆయన కండువా సర్దుకుంటూ అంతా విన్నారు. తొలి ఆవిరి పసిబిడ్డ హక్కు, దాన్ని బయటికి వదిలేయమంటావా అన్నారు. ఊరు కట్టినవాళ్లకి తెలియనిది నీకు తెలిసిందా అన్నారు. బారసాల కానిచ్చి, రేపు సావకాశంగా మాట్లాడుకుందాం అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. నెలన్నర క్రితం ఆ మాట ఇంకెవరైనా అంటే నేనూ ఇలాగే కండువా సర్దుకునేదాన్ని.

ఊరందరూ కలిసే పెద్దసాలలో జనం నిండిపోయారు. తొట్టికి కాగితం పూలు కట్టారు. నేను ఏరిన గడ్డ అప్పటికే కుండలో కూర్చుని ఉంది, బొగ్గుతో రాసిన పేరుతో సహా. హైమ పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని నాకోసమే చూస్తోంది. అందరి ముందూ చెప్పాను. గుసగుసలు మొదలయ్యాయి. మాటలతో అయ్యేది కాదని కుందె తీసి వెలిగించబోయాను, ముందు వరసలో ఒకావిడ నా చెయ్యి పట్టేసుకుంది. చచ్చిపోయినావిడ దీపం తెచ్చి పసివాడి తొట్టి దగ్గర పెడతావా అంది. ఆ మాటకి సాల సాలంతా అవునంది. కుందె లాక్కుని ఎవరో వెనక్కి పంపేశారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందనుకున్నాను, కానీ నేను పోయింది పుణ్యానికేమీ కాదు.

అప్పుడు హైమ అంది, చాలా నెమ్మదిగా: "అత్తా, ఈ గడ్డ నువ్వే ఏరావు కదా."

"నేనే ఏరాను. సన్నెమ్మ పిన్నికి ఇచ్చింది కూడా నేనే. ఆవిడ పున్నెం వల్ల పోలేదమ్మా, నేనిచ్చిన గడ్డ వల్ల పోయింది. వచ్చి నాతో చెప్పింది కూడా. ఒత్తి మార్చుకోమన్నాను."

విన్నారు, కానీ నమ్మలేదు. మూర్తి గారు, దుఃఖంలో ఉంది పాపం, కూర్చోబెట్టండి అన్నారు. ఇద్దరు నా భుజాలు పట్టుకున్నారు. మూతి తిప్పే హక్కు నాదని గుర్తు చేశాను. అది మాత్రం ఎవరూ కాదనలేరు. వదిలారు.

తవిటినాయుణ్ణి పిలిచి నా జడ అతని చేతికిచ్చాను. నేను అంకెలు చదువుతుంటాను, ఆపితే లాగు అన్నాను. అయ్యుంటుంది అనలేదు, ఊఁ అన్నాడు. ఖాళీ తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని, గాజు గూట్లో తల పెట్టి, మూతి తిప్పాను. చల్లగాలి మెడ మీద పడింది. ఒకటి నుంచి మొదలెట్టాను.

భయం వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. ఊపిరాడనట్టు ఉంటుందనుకున్నాను. ఎంత కావాలంటే అంత పీలుస్తున్నాను, ఛాతీ నిండుతోంది, ఏ ఇబ్బందీ లేదు. కాగితం పూలు చాలా బాగున్నాయనిపించింది. పద్నాలుగు తర్వాత ఏదో అంకె ఉండాలని తెలుసు. అదేమిటో తట్టలేదు. తట్టకపోయినా ఫర్వాలేదనిపించింది, బతుకంతా లెక్కలు పెట్టిన నాకు.

తర్వాత నేల, నాయుడి మొహం, మోకాలి మీద నొప్పి. జడ ఊడి వచ్చేలా లాగాడు, తల ఇంకా మండుతోంది. అందరూ నన్నే చూస్తున్నారు, కొందరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎంతదాకా చదివానని అడిగాను. పద్నాలుగు దాకా అన్నాడు నాయుడు, ఆ తర్వాత నేనేం చేశానో మాత్రం చెప్పలేదు.

హైమ చెప్పింది. పిల్లాణ్ణి గుండెకి అదుముకుని నా పక్కన కూలబడింది.

"నవ్వావు అత్తా. సన్నెమ్మ అమ్మమ్మ నవ్వినట్టే."

ఆ నవ్వు ఊళ్లో అందరూ చూసినదే. ఇంకెవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. మూర్తి గారు కండువా తీసి చేత్తో పట్టుకుని ముందు ఆయనింటికే పరిగెత్తారు, వాళ్లావిడ కుండ దగ్గర వంట చేస్తోందట. జనం తలుపుల దగ్గర తొక్కుకున్నారు. నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను, రాయడానికి సిగ్గేమీ లేదు.

86వ రోజు

లోపలికి ముప్పై, అన్నీ ఊడ్చి. ఇళ్ల నుంచి వెనక్కి నలభైనాలుగు. తేడా: కేజీల్లో కాదు.

ఎవరూ పోలేదు. ఇద్దరికి తలనొప్పి, మూర్తి గారి భార్యకి వాంతులు, నాయుడి పిట్టలు ఇంకో మూడు. పెరటి తలుపు మీది ఎర్రరాత కింద నల్లరంగుతో రాయించాను: 'ఆవలి పక్క ఎండ ఉన్నన్నాళ్లు చీపురు పెట్టాలి.' ఆ ఎండ ఇంకో నలభై ఏళ్లు ఉంటుందట. పైరాత చెరపబోతే వద్దన్నాను. వాళ్ల రోజులకి అది నిజమే.

90వ రోజు

లోపలికి పన్నెండు. ఇళ్లకు పన్నెండు. అన్నీ సరిగ్గా ఇరవై. కొసరు లేదని ఒక్కరూ అడగలేదు.

ఇవాళ బారసాల మళ్లీ చేశాం. తొలి ఆవిరిని బయటికి వదిలేశాను. తర్వాత మూతి దగ్గర దీపం పెట్టాలి. ఎవరి దీపం అని ఎవరో అడిగారు. ఆరోజు నా చెయ్యి పట్టుకున్నావిడే లోపలికెళ్లి సన్నెమ్మ పిన్ని కుందె తెచ్చి, కొంగుతో తుడిచి నాకిచ్చింది. దీపం ఇంతెత్తు లేచి ఆడింది. అప్పుడు పిల్లాణ్ణి తొట్టిలో వేసి గూడు మూశాం. బుగ్గలు ఎర్రబడ్డాయి, కోపమొచ్చి గుక్కపట్టి ఏడ్చాడు. అంత గట్టిగా ఏడవడం నేను ఎక్కడా వినలేదు. ఎవరూ ఊరుకోబెట్టలేదు, అందరం నిలబడి వింటూ ఉన్నాం.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఇందులో కొట్టివేతలు కూడదు, రాసింది రాసినట్టే ఉండాలి. అరవైమూడో రోజు దగ్గర 'తేడా: లేదు' అని నా అక్షరాలే ఉన్నాయి. దాని పక్కన కొంచెం చోటుంది. ఇవాళ్టి తేదీ వేసి రాశాను: ఉంది. సన్నెమ్మ గారు వచ్చి చెప్పారు. నేను వినలేదు.